నింద నెట్‌ది, నేరం డ్రైవర్‌ది

విండోస్ అప్‌డేట్ పడ్డ మర్నాడు వీడియో కాల్ ఆగి ఆగి నడిస్తే మనవాళ్ల చెయ్యి ముందు రౌటర్ మీదికే పోతుంది. నిజానికి ఇద్దరు మాట్లాడుకునే హెచ్‌డీ కాల్‌కు జూమ్ అడిగేది సెకనుకు 1.2 మెగాబిట్లే, ఇంట్లో ఫైబర్ లైన్‌కు అదో లెక్క కాదు. అదే వైఫై మీద ఫోన్లో కాల్ సాఫీగా సాగుతోందంటే అనుమానించాల్సింది కంప్యూటర్‌నే. కాల్ నడుస్తుండగానే టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ నూరు శాతానికి చేరువై, జీపీయూ ఖాళీగా కూర్చుంటే, వీడియోను కుదించి విప్పే పని గ్రాఫిక్స్ చిప్ నుంచి జారి ప్రాసెసర్ నెత్తిన పడి ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు, గ్రాఫిక్స్ చిప్ అసలు డ్రైవర్ పోయినట్టే. తయారీ కంపెనీ సైట్ నుంచి తెచ్చి వేసుకోవాలి. కొత్త డ్రైవరే పేచీ పెడుతుంటే పాతదానికి తిరిగి వెళ్లే ‘రోల్ బ్యాక్’ ఉంది. ఈ తంటా అంతా ఎందుకు, అప్‌డేట్లే ఆపేస్తే పోలా అనేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోకీ దూరింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. మర్నాడు ఇంటర్వ్యూ ఉంటే అప్‌డేట్‌ను వారం పాటు పాజ్‌లో పెట్టుకోవచ్చు, అంతవరకే.