అలసిన దెవరు?

లాటిను భాషలో అలసటను దెలుపు విశేషణ మొకటి కలదు. అలసినది పురుషుడైనచో ఫెస్సుస్, స్త్రీయైనచో ఫెస్సా, నపుంసకమైనచో ఫెస్సుమ్. బహువచనమున మరల ఫెస్సీ, ఫెస్సే, ఫెస్సా. నూర్గురు స్త్రీల నడుమ నొక్క పురుషుడున్నను ఆ గుంపంతయు ఫెస్సీయే యగును! ఇది విని మనవారు నవ్వుదురు; ఇన్ని రూపములు వల్లించుటచేతనే మనుష్యు డలసిపోవునని పరిహసింతురు. మన "అలసిన" యను మాటకు లింగభేదము లేదు గదా: అలసిన రైతు, అలసిన తల్లి, అలసిన యెద్దు.

నవ్వు చాలింపుడు. విశేషణమును విడిచి క్రియను జూడుడు. అతడు అలసినాడు, ఎద్దు అలసినది, ఆమెయు అలసినది. ఇది చిన్నయసూరి కల్పించిన నియమము కాదు. భాషలో నున్నదానినే యాయన 1858లో బాలవ్యాకరణమున మహత్తనియు, అమహత్తనియు విభజించి చూపెను. ఏకవచనమున స్త్రీకి పశువుతోడి రూపమే దక్కినది. పొరుగున నున్న కన్నడము దణిదను, దణిదళు, దణియితు అని మూటిని వేఱుపఱచినది. బహువచనమున మాత్రము తెలుగు ఉదారము. స్త్రీలైనను పురుషులైనను "అలసినారు".

వ్యాకరణమును దిద్దుడని మే మనము. మా వివాదము ఇండ్లతో. నంద్యాల చెంత కె.సి. కాలువ క్రింద వరినాట్ల దినములలో మడులలో వంగిన నడుములు స్త్రీలవే. ఆళ్లగడ్డలో ఱాతిని విగ్రహముగ జెక్కు శిల్పి సాయంకాలము ఉలి దించి యిల్లు చేరినంతనే "పాపము, అలసి వచ్చినాడు" అందురు. మంచము వాలును, చెంబుతో నీళ్లు వచ్చును. ఆ చెంబు తెచ్చిన యామెయు మడినుండి యప్పుడే వచ్చినదని యెవ్వరును అనరు. ఆమె మడమల బురద యింక నారలేదు. ఎద్దునకైనను కాడి విప్పిన పిమ్మట కుడితి పెట్టి, కొట్టమున గట్టి, తెల్లవారువఱకు దాని జోలికి బోరు. ఆమె యప్పుడు పొయ్యి రాజేయవలెను. అమహత్తులలో నిట్టి తారతమ్య మొకటి కలదని సూరి వ్రాయలేదు.

ఆడవారి కిది యలవాటే యని కొందఱు పెద్దలు సెలవిత్తురు. కాడి యెద్దునకును అలవాటే.

చదువుకొన్న కుటుంబములలో నిట్లు లేదందురా? దంపతు లిరువురును ఉద్యోగమునుండి ఒకే బస్సు దిగి వచ్చిన సాయంకాలము, వంటయింటి దీపము వెలిగించిన దెవరో చదువరులు తమ యిండ్లలోనే జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. ఇచ్చట రూపములకు లోపము లేదు. "మా అమ్మగారు చాల అలసినారు" అని తల్లిని బహువచనమున గౌరవించి, ఆ నోటితోనే కాఫీ యడుగు కొడుకులను మే మెఱుగుదుము.