కొబ్బరి ధర చెట్టు కింద కాదు, దారిలో తేలుద్ది

కొబ్బరి రేటు పెరిగిందంటే చాలు, రైతు పంట పండిందని ఫోన్లలో మెసేజీలు. ఏ రైతుది? పి.గన్నవరంలో చెట్టు కింద రాశి పోసిన కాయా, అంబాజీపేటలో లారీ ఎక్కే కాయా, బీహార్లో ఛఠ్ పండక్కి పూజకెళ్ళే కాయా ఒకటే. ధర మాత్రం ఒకటి కాదు. ఈ తేడా చుట్టూ జరిగే పనినే కంపెనీలోళ్ళు లాజిస్టిక్స్ అంటారు. పేరు పెద్దదే గానీ సంగతి మూడు ముక్కలే: ఎక్కడ దాచాలి, దేని మీద పంపాలి, అవతల ఎంత కావాలి. ఈ మూడూ ఎవరి చేతిలో ఉంటే రేటు ఆళ్ళ చేతిలో ఉంటది.

ముందు దాచడం. ఒలిచిన పచ్చికాయ ఎక్కువ కాలం ఆగదు. అదే కాయని ఒలవకుండా అటకెక్కించి నెలల తరబడి ఉంచితే కురిడీ అవుద్ది. అటకే మన తాతల నాటి గోడౌన్. కానీ అన్నాళ్ళు ఆగాలంటే ఇల్లు గడవాలి, కౌలు కట్టాలి, వడ్డీ కట్టాలి. అందుకే కౌలు రైతు దింపు తీసిన వెంటనే అమ్మేస్తాడు. 2025 సీజన్‌కి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకి మిల్లింగ్ కొబ్బరికి 11,582 రూపాయలు, కురిడీకి 12,100. రెండూ ఎండు కొబ్బరికే. ఆరబెట్టే చోటూ, ఆగే స్తోమతా లేనోడికి ఆ ధర పేపర్లో చదువుకోడానికే.

తర్వాత దారి. 1850ల్లోనే మన ఊళ్ళో వైనతేయ మీద అక్విడెక్టు కట్టి కాలవ నీళ్ళని ఏరు దాటించారు. సరుకుని దాటించాల్సిన కోటిపల్లి-నర్సాపురం రైలు లైను 2000-01లో మంజూరైంది. పాతికేళ్ళు గడిచినా అమలాపురానికి రైలు రాలేదు. ఇక లంకల్లో వరదొస్తే పడవే దిక్కు. ఎక్కించిన ప్రతిసారీ కూలి, దించిన ప్రతిసారీ కూలి. అదంతా చివరికి రైతు రేట్లోంచే తెగుద్ది.

వర్తకుడు దొంగని నేననట్లేదు. లారీ కిరాయీ, దారిలో పాడైన కాయా, అవతలి పార్టీ ఎగ్గొట్టే బాకీ ఆయన నెత్తినే పడతాయి. ఆ రిస్కుకి ప్రతిఫలం ఉండాల్సిందే. కానీ దాచడం, పంపడం, గిరాకీ కబురు, మూడూ ఒకే చేతిలో ఉంటే బేరమెక్కడిది?

ఒక్కడి కాయలకి లారీ నిండదు, ఊరు కలిస్తే నిండుద్ది. గిడ్డంగి రసీదు మీద అప్పు తెచ్చుకునే దారి చూపే చట్టం 2007లోనే వచ్చింది. మన మార్కెట్ యార్డులో అలాంటి గిడ్డంగి, కొబ్బరి ఆరబెట్టే డ్రయ్యర్లు ఉన్నాయా అని అడగాలి. కౌలు రైతుకీ ఆ అప్పు అందాలని అడగాలి. తమిళనాడు, కేరళ రేట్లు రోజూ చూసి నాన్నకి చెప్పే పని మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఫోను మీ చేతిలోనే ఉంది.