దెయ్యం సినిమా ఇంట్లోనే చూడాలి



హారర్ సినిమాలు ఇంట్లో చూడటం దండగ, హాల్లో అయితేనే భయం అని గత వారం ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో భయమంతా నిశ్శబ్దంలోనే ఉంది. కెమెరా మెల్లగా పాకుతూ వస్తుంటే హాల్లో ఈలలు, కేకలు. ఇక భయం ఎక్కడిది? అదే సినిమా అద్దె క్యాసెట్టు తెచ్చుకుని, వానాకాలం రాత్రి మా మండువా ఇంట్లో చూశాం. తెర అడుగున గీతలు పరుగెడుతూనే ఉన్నాయి. పెంకుల మీద చినుకులు తప్ప వేరే చప్పుడు లేదు. అయ్యాక పెరట్లోకి వెళ్లడానికి మా బావగారంతటివారు తోడు రమ్మన్నారు.

మన పాలకొల్లు కోడి రామకృష్ణ గారి ‘అరుంధతి’ (2009)కి పెద్ద తెర కావాలి, నిజమే. అయినా అందులో పశుపతి పాత్రకు రవిశంకర్ ఇచ్చిన గొంతు చిన్న టీవీలో విన్నా ఒళ్లు జలదరిస్తుంది.

చెవులు చిల్లులు పడే మోత తప్ప కథ లేని సినిమాలు ఎక్కడ చూసినా దండగే. వాటిని వదిలేయండి. మంచివి మాత్రం పిల్లలు నిద్రపోయాక, లైట్లు ఆర్పి చూడండి.

— ఒక పాఠకురాలు, నరసాపురం