వంతు విడిది

మా కోనసీమవారికి ‘వంతు’ అనే మాటను ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. దాళ్వాకు గోదావరిలో నీరు చాలని సంవత్సరాలలో కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు. మన వంతు వచ్చిన రాత్రి పార భుజాన వేసుకొని బోదె దగ్గర కాపలా కాయాలి. కునుకు పట్టిందా, నీరు కిందిచేనికి పోతుంది. మరునాడు పోయి ‘నా వంతు ఏదీ?’ అని అడిగే చోటు లేదు.

టైంషేర్ అనే ఆంగ్లపదానికి తెలుగు వెదుకుతూ ఉంటే నాకు ఈ కాలువగట్టే గుర్తుకు వచ్చింది. ‘కాలవాటా’ అనవచ్చునని ఒక మిత్రుడన్నాడు. వాటా అనగానే ఇంటి మధ్య గోడ లేస్తున్నట్లుంటుంది, నాకు రుచించలేదు. పెళ్ళివారికిచ్చే విడిది ఉన్నది కదా, దానికి వంతు చేరిస్తే ‘వంతు విడిది’. పాయింట్లను మాత్రం పాయింట్లుగానే ఉంచుతున్నాను. బిందువులంటే రేఖాగణితం మాస్టారు నవ్వుతారు.

పద్ధతి కొత్తదేమీ కాదు. స్విట్జర్లండులో హపిమాగ్ అనే సంస్థ 1963లోనే మొదలుపెట్టింది. ఒక చోటి వంతును మరొక చోటికి మార్చి ఇచ్చే ఆర్.సి.ఐ. అమెరికాలో 1974లో పుట్టింది. మన దేశంలో స్టెర్లింగ్ 1986లోను, మహీంద్రావారు 1996లోను వచ్చారు. చరిత్ర ఇంతటితో చాలు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఈ పాయింట్లు ఒకసారి కాదు, రెండుసార్లు కొన్నాడు. రెండవసారి ఉచితంగా పెట్టిన ఫలహారానికి వెళ్ళి కొన్నాడట. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. ఇన్ని పాయింట్లు ఏం చేసుకుంటావురా అంటే, “మీరూ అమ్మా తిరగండి నాన్నా, నాకు సెలవు దొరకడం లేదు” అన్నాడు. కొన్నవాడికి తీరిక లేదు, తీరికున్నవాడికి కదలాలని లేదు. పలివెలలో ఇల్లూ, పెరటిలో కొబ్బరి దింపూ, సాయంత్రమయితే కొప్పులింగేశ్వరుని గుడీ వదలిపెట్టి ఎక్కడికి పోతాం? రెండు సంవత్సరాల పాయింట్లు ఆ విధంగా గడువు దాటిపోయాయి. వాటికి ఏటేటా కట్టే రుసుము మాత్రం వాడు డాలర్లలో కడుతూనే ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన రోజున నాకు బోదె దగ్గర నిద్రపోయినవాడి సిగ్గు కలిగింది.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. మాటవరసకు ఏడాదికి 40 వేల పాయింట్లు అనుకోండి. ఎండాకాలపు సెలవులలో కొండమీది రెండు పడకగదుల విడిది వారానికి 20 వేలు అడిగితే, అదే విడిది వానకాలంలో 8 వేలకే దొరకవచ్చు. అంటే రెండు వారాలు అయిదు వారాలవుతాయి. చాలా సంస్థలలో శుక్ర, శనివారాల రాత్రులకు ఎక్కువ, నడివారానికి తక్కువ. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా బ్రతికిన నేను వేసవి, దసరా, సంక్రాంతి సెలవులలో తప్ప ఊరు కదలలేదు. అవన్నీ హెచ్చు ధర పలికే రోజులే. పదవీ విరమణ చేసినవాడికి క్యాలెండరంతా చవక. ఈ ఒక్క సత్యం గ్రహిస్తే పాయింట్లు ఎన్ని ఉన్నవన్నది రెండవ మాట అవుతుంది.

మనకు మరొక సౌలభ్యం ఉన్నది. ఆషాఢంలోను, భాద్రపదంలోను ముహూర్తాలు లేవు. పెళ్ళి పిలుపులుండవు, గృహప్రవేశాలుండవు, బంధువులందరూ ఖాళీ. చాలా కొండ ఊళ్ళకు అవే గిరాకీ లేని మాసాలు. మన పంచాంగమూ వారి ధరల పట్టికా ఇంత చక్కగా కలుస్తాయని నేనెన్నడూ అనుకోలేదు. (కొత్త అల్లుళ్ళ సంగతి వేరు. వారికి ఆషాఢంలో ఎలాగూ అత్తవారింట ప్రవేశం లేదు.)

ఇంతకూ నా అభిప్రాయమేమంటే, పాయింట్లు ఎక్కువగా ఉన్నవాడు ఎక్కువ ఊళ్ళు తిరగకూడదు. ఎక్కువమందిని తీసుకొని ఒకే ఊళ్ళో ఎక్కువ రోజులుండాలి. మూడు రాత్రుల చొప్పున నాలుగు ఊళ్ళు తిరిగితే పాయింట్లు మిగిలినా రైలు ఖర్చులు, కార్ల బాడుగలు, మోకాళ్ళ నొప్పులు మిగిల్చినదంతా తినివేస్తాయి. వారం దాటి ఒకచోట ఉంటే మూడవ రోజుకు కూరగాయల బజారు తెలుస్తుంది, అయిదవ రోజుకు టీకొట్టువాడు పలకరిస్తాడు. ఇద్దరి కోసం ఒక గొప్ప గది తీసుకోవడం కన్న, అదే పాయింట్లకు గిరాకీ లేని రోజులలో పక్కపక్కన రెండు విడుదులు తీసుకోవడం మేలు.

నేనది ఒక్కసారిగా నేర్చుకోలేదు. 2022 జూలైలో ఊటీకి వెళ్ళాలని మా అక్కయ్యా బావగార్లతో కలిసి ఏర్పాటు చేశాను. వారిది లంక గ్రామం. ఆ నెలలో గోదావరి ఎట్లా వచ్చిందో మీకు తెలుసు. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అక్కయ్యావాళ్ళు ఇల్లు వదలి గట్టు మీదికి చేరిన రోజున విడిది రద్దు చేయాలన్న ఊహ ఎవరికి ఉంటుంది? రద్దుకు గడువు దాటిపోయింది, పాయింట్లు పోయాయి. అప్పటినుంచీ ఆషాఢమంటే జూలై మధ్యకు పోనివ్వకుండా, వరదకు ముందే తిరిగి వచ్చేటట్లు చూస్తున్నాను. రద్దు గడువు తేదీని గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో వ్రాస్తున్నాను.

2023లో ఆషాఢం జూన్ 19న మొదలయింది. బడులు తెరిచారు, కొండలు ఖాళీ అయ్యాయి. మేము నలుగురం రాజమండ్రిలో రైలెక్కాం. తీరా విడిదికి చేరితే బల్ల దగ్గరి కుర్రవాడు పేర్లు కుదరడం లేదన్నాడు. మా ఆధార్ కార్డులలో ఇంటిపేరు ముందు, మా అబ్బాయి అమెరికా పద్ధతిలో వ్రాయించిన అతిథిపత్రంలో ఇంటిపేరు వెనుక. అక్కడ అర్ధరాత్రి వాణ్ణి లేపితే గాని ఇక్కడ తాళంచెవి చేతికి రాలేదు. సభ్యుడు తాను రాకుండా ఇతరులను పంపేటప్పుడు అతిథిపత్రం తప్పనిసరి. దానికి చాలాచోట్ల రుసుము కూడా ఉంటుంది. పిల్లల పాయింట్ల మీద వెళ్ళే తల్లిదండ్రులారా, కార్డులో ఏ వరుసలో ఉన్నదో అదే వరుసలో పేరు వ్రాయించండి. అల్లసాని పెద్దన అన్నా పెద్దన అల్లసాని అన్నా ఒకరే అని కంప్యూటరుకు తెలియదు.

ఇక రెండవ పాఠం మా ఆవిడ చెప్పింది. ఈ విడుదులలో వంటగది ఉంటుంది. అదొక గొప్పగా చెబుతారు. రెండవ రోజు ఉదయం నేను పేపరు చదువుతూ కాఫీ అడిగాను. “పలివెలలో గరిటె పట్టుకున్నాను, ఊటీలోనూ గరిటేనా? మరి మీ పాయింట్లు ఎవరికి కలిసొచ్చినట్లు?” అన్నది. సమాధానం లేదు. అన్ని లెక్కలూ వేసిన నేను ఆ లెక్క వేయలేదు. ఆనాటి నుంచి పొద్దుటి కాఫీ, ఉప్మా నావీ బావగారివీ. రాత్రి భోజనం బయట. ఉప్మా ఎలా ఉన్నదని అడగకండి.

మా అక్కయ్యకు అప్పుడు 72 ఏళ్ళు. పెళ్ళయినప్పటినుంచి పుట్టింట కూడా వరుసగా పది రోజులు ఊరకే కూర్చోలేదు. మొదటి రెండు రోజులూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్లు తిరిగింది. మూడవనాడు కిటికీ దగ్గర శాలువా కప్పుకొని కూర్చుని, మా అమ్మ పాడే మంగళహారతులు ఒకటొకటిగా పాడింది. నాకు గుర్తే లేనివి కూడా అందులో ఉన్నాయి. ఇద్దరం కలిసి వాటిని పుస్తకంలో వ్రాసుకున్నాం. మా ఇంట్లో పెళ్ళిళ్ళకు ఎన్నోసార్లు కలిశాం గాని, ఆ హడావిడిలో ఆ పాటలు రావు.

పాయింట్లు కలిసివచ్చాయి కదా అని మరిన్ని కొనమని నేను చెప్పను. అక్కరలేదనుకున్నప్పుడు వీటిని అమ్మబోతే అడిగేవాడుండడు. అమెరికాలో కొందరు తమ వంతును ఒక్క డాలరుకు ఇస్తామన్నా తీసుకునేవారు లేరు. కొన్ని ఒప్పందాలకు కాలపరిమితి లేదు. రుసుము వారసుల మెడకు చుట్టుకోవచ్చు. ఫలహారానికి పిలిస్తే మా అబ్బాయిలా వెళ్ళకండి. సంతకం చేసే వచ్చారా, వెనక్కు తీసుకునే గడువు చూడండి. ఫ్లోరిడాలో 10 రోజులు, ఐరోపా సమాఖ్యలో 14 రోజులు. ఉన్నవాటి విలువ తెలుసుకోవాలంటే మాత్రం ఏడాది రుసుమును ఆ ఏడాది నిద్రించిన రాత్రులతో భాగించండి. ఆ అంకె మామూలు హోటలు అద్దెను మించితే మీ వంతు నీరు కిందిచేనికి పోతున్నట్లే.

ఈసారి భాద్రపదానికి రెండు విడుదులు అడిగాను. మా అబ్బాయి తనకూ ఒక వారం సెలవు దొరకవచ్చునంటున్నాడు. దొరికితే ఉప్మా వాడి చేత చేయిస్తాం.