వెండి కంచం కొనబోతున్నారా?

ఇంట్లో పెళ్లి కుదిరితే చీరల లెక్కలు తేలీ తేలకముందే వెండి లెక్కలు మొదలవుతాయి. కంచం, గ్లాసు, చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణి, కుంకుమ భరిణ, కుందులు... అమ్మ చెబుతూ పోతుంటే నాన్న కాగితం మీద రాస్తూ పోతారు. తీరా కొట్టుకి వెళ్లాక ఆ కాగితం జేబులోనే ఉండిపోతుంది. అద్దాల బీరువాలో తళతళలాడే నెమళ్ల కంచమో, లతల కంచమో మన చూపు లాగేస్తుంది. సేల్స్‌మన్ దాన్ని మఖమల్ గుడ్డ మీద పెట్టాడంటే ఇక అంతే!

ఈ వారం ఆ కంచం సంగతే చూద్దాం. వెండి సామానులో బాగా డబ్బు తినేది అదే. చిత్రమేమిటంటే, చాలా ఇళ్లలో అసలు వాడకంలోకి రానిదీ అదే.

ఎందుకు రాదంటే, చాలావరకు డిజైను వల్లనే. మనం పప్పు, పచ్చడి, పులుసు, పెరుగు అన్నీ ఒకే కంచంలో వేళ్లతో కలుపుకుని తింటాం. కంచం మధ్యదాకా నగిషీ చెక్కి ఉంటే ఆ గీతల్లో మెతుకులూ ఆవగింజలూ దూరి కూర్చుంటాయి. పెరుగన్నం తిన్నాక ఓ అరగంట ఎండిందా, బ్రష్షు పట్టుకుని కూర్చోవలసిందే. గట్టిగా రుద్దితే పనితనం అరుగుతుంది, రుద్దకపోతే నలుపు పేరుకుంటుంది. పనిమనిషికి వేయడానికి మనసొప్పదు. ఇలా నాలుగుసార్లు అయ్యేసరికి కంచం పాత చీరముక్కలో చుట్టుకుని బీరువా ఎక్కేస్తుంది. మళ్లీ కిందికి దిగేది మనవడి అన్నప్రాశనకే!

అందుకని తినే చోటు నున్నగా ఉండి, అంచు మీద మాత్రమే పని ఉన్న కంచం ఎంచుకోండి. కొట్టులోనే వేళ్లతో లోపలంతా ఓసారి తడిమి చూడండి. అంచు మలిచిన చోట సందు ఉందేమో గమనించండి, నీళ్లు నిలిచేది అక్కడే. పని తక్కువున్న వస్తువుకి సాధారణంగా మజూరీ, తరుగూ కూడా తక్కువే పడతాయి. రేపు మార్చవలసి వస్తే చేతికొచ్చేది వెండి విలువే గానీ నెమలికి ఇచ్చిన మజూరీ కాదు కదా!

చాలామంది వెండి అంతా ఒక్కసారే కొనరు. అమ్మాయి ఓణీల ఫంక్షనుకి రెండు గ్లాసులు, బోనసు వచ్చినప్పుడు ఒక కంచం, చీటీ పాడినప్పుడు గిన్నెలు... ఇలా కూడబెడతారు. అలా కొనేవాళ్లు మొదటి వస్తువు తీసుకునేటప్పుడే తర్వాతివాటి గురించి కూడా ఆలోచించాలి. అమెరికాలో పెళ్లికి వెండి చెంచాలూ ఫోర్కులూ కొనేవాళ్లు ముందు ఒక డిజైను ఖాయం చేసుకుని, ఏళ్ల తరబడి అదే డిజైనులో ఒక్కొక్కటి చేర్చుకునేవారు. గోర్హామ్ కంపెనీ 1895లో తెచ్చిన శాంటిలీ అనే డిజైను అలా తరాలపాటు నడిచింది. మన కొట్లలో అచ్చులు త్వరగా మారిపోతాయి. ఈ ఏడాది చూసిన ద్రాక్షగుత్తులు పైఏడాదికి దొరుకుతాయన్న భరోసా లేదు. సాదా గీత అంచో, సన్నటి పూసల అంచో అయితే ఎప్పుడైనా, ఏ ఊళ్లోనైనా దానికి జత కలుస్తుంది.

పనితనం మీద మోజుంటే అది తినే కంచంలో వద్దు, పేరంటం సామానులో తీర్చుకోండి. కరీంనగర్ వెండి తీగపని చూశారా? దారంలాంటి తీగను మెలితిప్పి, అల్లి చేసే ట్రేలూ, గంధం గిన్నెలూ, తాంబూలం పెట్టెలూ ఎంత ముచ్చటగా ఉంటాయో! వాటి అందం వాటిదే. వాటిలో పులుసు పోయంగా!

ఇక నాణ్యం. శుద్ధ వెండి మెత్తన, అందుకే రాగిలాంటి లోహం కలుపుతారు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉంటే దాన్నే స్టెర్లింగ్ అంటారు. అర కిలో కంచం 925 రకమైతే అందులో అసలు వెండి 462.5 గ్రాములు, 800 రకమైతే 400 గ్రాములే. కంటికి రెండూ ఒక్కలాగే మెరుస్తాయి! మన దేశంలో వెండికి హాల్‌మార్క్ 2005లో వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి హాల్‌మార్కులో ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కూడా వేస్తున్నారు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ అక్షరాలు కొడితే వివరాలు వస్తాయి. జర్మన్ సిల్వర్ పేరులోనే సిల్వర్, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. కుందుల్లాంటి బోలు వస్తువులైతే లోపల లక్కగానీ ఇనుప మరగానీ ఉందేమో అడగండి. ఉంటే దాన్ని కూడా వెండి ధరకే తూచేస్తారు మరి.

నల్లబడ్డ సాదా కంచాన్ని అల్యూమినియం రేకు పరిచిన గిన్నెలో పెట్టి, వంటసోడా వేసి మరిగే నీళ్లు పోస్తే నలుపు చాలావరకు వదులుతుంది. యాంటిక్ ఫినిష్ వస్తువులకి మాత్రం ఈ పని చేయకండి. డిజైను కనబడాలని కావాలని పెట్టిన నలుపు కూడా పోయి, బోసిగా తేలుతుంది. కోడిగుడ్డు తగిలినా, రబ్బరు బ్యాండు చుట్టినా వెండి నల్లబడుతుంది.

వాడినా, దాచినా ఆ వెండి ఎవరిది? అమ్మాయికి ఇచ్చింది అమ్మాయిదే. పెళ్లిలో ఇచ్చిన స్త్రీధనం మీద పూర్తి హక్కు ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తేల్చి చెప్పింది. కానీ పేచీ వచ్చిన రోజున ఏ కంచం ఎవరు పెట్టారో ఎవరికి గుర్తుంటుంది? అదే ఏడాది వచ్చిన నిబంధనల ప్రకారం పెళ్లి కానుకల జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం అందులో ఉండాలి. వెండికైతే తూకం కూడా చేర్చండి. “శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఈ లెక్కలేమిటి?” అని పెద్దవాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి. కట్టెపుల్ల దగ్గర్నుంచి లెక్క రాసే పెళ్లింట్లో వెండికి లెక్క ఉంటే తప్పా? బిల్లు అమ్మాయి పేరునే తీసుకుని, దాని నకలు మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

మన అమ్మమ్మలు గిన్నెల మీద పేర్లు కొట్టించేవారు, గుర్తుందా? వెండికి కూడా కొట్టించండి. ఎదురుగా కనబడేలా కాదు, కంచం అడుగున, చిన్న అక్షరాల్లో, అమ్మాయి పేరూ సంవత్సరమూ. హాల్‌మార్కు ముద్ర మీద పడకుండా చూడమనండి. పేరు నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి మరీ ఇవ్వండి, సుధ కాస్తా సుదగా మారకుండా ఉంటుంది.