స్కూటర్ నిలిస్తేనే వ్యాపారం నిలిచేది

అమెరికాలోని శాంటా మోనికా వీధుల్లో 2017లో బర్డ్ కంపెనీ అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లను దింపింది. యాప్‌లో స్కాన్ చేసి ఎక్కడం, పని అయ్యాక ఎక్కడపడితే అక్కడ వదిలేయడం. ఏడాది తిరక్కుండానే కంపెనీ విలువ 200 కోట్ల డాలర్లకు చేరింది. 2023 డిసెంబరులో అదే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. జనం ఎక్కక కాదు, లెక్క కుదరక.

ఆ లెక్క చూడండి. మొదట్లో బర్డ్ దింపినవి ఒక మనిషి సొంతానికి కొనుక్కునే షావోమీ స్కూటర్లు. రోజుకు నలుగురైదుగురి చేతులు మారే వాడకానికి చేసినవి కావు. అమెరికాలోనే ఉన్న లూయిస్‌విల్ నగరం బయటపెట్టిన సమాచారం ప్రకారం అక్కడి తొలి విడత స్కూటర్లు సగటున 29 రోజులు కూడా నిలవలేదు. పైగా బ్యాటరీ బండిలోనే బిగించి ఉండేది. రాత్రిళ్లు ఎవరో కార్లలో తిరిగి స్కూటర్లు ఏరుకెళ్లి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టి, తెల్లారేసరికి మళ్లీ వీధిలో నిలబెట్టాలి. అందుకు ఒక్కోదానికి కనీసం 5 డాలర్లు. అద్దె చూస్తే ఎక్కగానే ఒక డాలరు, ఆపై నిమిషానికి 15 సెంట్లు. పది నిమిషాల ప్రయాణానికి రెండున్నర డాలర్లు. అంటే రోజులో మొదటి రెండు ప్రయాణాలూ ఛార్జింగ్ కూలికే సరి!

పర్యావరణం లెక్కా ఇదే. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో తేల్చిందేమిటంటే, ఈ స్కూటర్ల కాలుష్యంలో కరెంటు వాటా స్వల్పం. అసలు భారం తయారీది, వాటిని పోగుచేసి తరలించే పనిది. నెలకే పాడయ్యే బండిని పచ్చదనం పేరుతో అమ్మడం జనాన్ని మోసగించడమే.

గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చిన మన ఊళ్లలోని షాపుల్లో యజమానే పంచరు వేసేవాడు, చైను బిగించేవాడు. అద్దె వ్యాపారంలో మరమ్మతే అసలు పని. పెట్టుబడుల జోరులో కంపెనీలు మరిచింది దాన్నే.

నగరాన్ని ఒప్పించకపోయినా కథ ముగుస్తుంది. ఫుట్‌పాత్‌ల మీద అడ్డదిడ్డంగా పడి ఉన్న స్కూటర్లతో విసిగిన పారిస్‌లో 2023 ఏప్రిల్‌లో ఓటింగ్ పెట్టారు. వచ్చినవాళ్లు తక్కువే అయినా, ఓటేసినవారిలో దాదాపు 89 శాతం వద్దన్నారు. ఆ ఆగస్టు ఆఖరుకల్లా సుమారు 15 వేల స్కూటర్లను తీసేశారు.

బెంగళూరు అనుభవం మనకు ఇంకా దగ్గరిది. అక్కడ పుట్టిన అద్దె స్కూటర్ల కంపెనీల్లో బౌన్స్ సొంతంగా స్కూటర్ల తయారీ వైపు మళ్లింది. వోగోను మరో సంస్థ కొనేసింది. యులు నిలిచింది. అది బజాజ్‌తో కలిసి అద్దె వాడకానికే బండిని తయారు చేయించుకుంది. వాహన విడిభాగాల కంపెనీ మాగ్నాతో కలిసి యుమా పేరుతో బ్యాటరీ మార్పిడి కేంద్రాలు పెట్టింది. ఛార్జ్ తగ్గితే నిమిషాల్లో బ్యాటరీ మార్చుకుని సాగిపోవచ్చు, బండి వీధి వదలాల్సిన పనిలేదు. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం కాబట్టి లైసెన్సూ అక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి సరదాకు ఎక్కేవాళ్ల కంటే రోజంతా తిరిగే డెలివరీ కుర్రాళ్లే దానికి ప్రధాన ఆధారమయ్యారు.

బలం అక్కడే ఉంది, ఇబ్బందీ అక్కడే ఉంది. ఆర్డర్లు రాని రోజు కూడా ఆ కుర్రాడు అద్దె కట్టాల్సిందే. అతని సంపాదన కుంగితే ఈ వ్యాపారమూ కుంగుతుంది. అద్దె ధర పెట్టేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి.

హైదరాబాద్ మెట్రోకు 69 కిలోమీటర్ల మార్గం, 57 స్టేషన్లు ఉన్నాయి. స్టేషన్ దిగాక ఇంటికో ఆఫీసుకో చేరే ఆ చివరి రెండు కిలోమీటర్లే చాలామందికి తలనొప్పి. అద్దె స్కూటర్లకు ఇంతకు మించిన అవకాశం దొరకదు. అయితే ఎన్ని బండ్లు దింపుతారన్నది చూసి అనుమతులు ఇవ్వకూడదు. బండి ఎంతకాలం మన్నుతుందో, బ్యాటరీ ఎక్కడ మారుస్తారో, పాడైనదాన్ని ఎన్ని గంటల్లో వీధి నుంచి తీస్తారో రాయించుకోవాలి. స్టేషన్ల దగ్గర గీతలు గీసి పార్కింగ్ చోటు, బ్యాటరీ కేంద్రానికి కరెంటు కనెక్షన్ ఇచ్చే బాధ్యత మాత్రం మెట్రో, నగరపాలక సంస్థలదే. ఆ పని ముందు మొదలుపెట్టాలి.