ఇంటర్వ్యూకు ముందే ఇంటి నిర్ణయం

మదీనాలో గుడారం వేసి క్షతగాత్రులకు సేవలందించిన హజ్రత్ రుఫైదా (రజి) వారసత్వం మనది. నర్సింగ్ మనకు పరాయి వృత్తి కాదు. అయినా నర్సింగ్ చదివిన మన ఆడబిడ్డలు ఇంటర్వ్యూ గదిలో తడబడుతున్నారు. వారిని కలవరపెట్టేది మందుల మోతాదు గురించిన ప్రశ్న కాదు, "తలపై ఆ వస్త్రం తీసేస్తారా?" అన్న ప్రశ్న.

దానికి జవాబు ఇంటివద్దే సిద్ధం కావాలి. రోగి భద్రత కోసం పెట్టిన నియమాన్ని గౌరవించాలి. చేతులు కడిగేటప్పుడు మోచేతి వరకు మడవడం, వేలాడని, ఉతికిన స్కార్ఫ్ ధరించడం, ఆపరేషన్ థియేటర్‌లో అక్కడి టోపీతో తల కప్పుకోవడం తమకు సమ్మతమేనని వినయంగా, స్పష్టంగా చెప్పాలి. భద్రతతో నిమిత్తం లేని అభ్యంతరమైతే కారణాన్ని రాతపూర్వకంగా కోరాలి. ప్రభుత్వోద్యోగాలలో మత వివక్షను రాజ్యాంగం 16వ అధికరణం నిషేధించింది. ప్రైవేటు ఆసుపత్రులకు అది నేరుగా వర్తించదు గనుక అక్కడ మన సంఘాల అండ మరింత అవసరం.

అయితే హక్కుల ఎరుక నైపుణ్యానికి బదులు కాజాలదు. సరైన రోగి, మందు, మోతాదు, మార్గం, సమయం అనే 5 సూత్రాలు కంఠస్థం కావాలి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పత్రం వెంట ఉండాలి.

తల్లిదండ్రులారా! రాత్రి డ్యూటీపై ముందే నిర్ణయించుకోండి. ఆ సందిగ్ధాన్ని బిడ్డ నెత్తిన పెట్టి పంపకండి. అనుభవజ్ఞులైన నర్సులతో నమూనా ఇంటర్వ్యూలు జరిపించవలసిందిగా మసీదు కమిటీలను కోరుతున్నాము.